ఆ చిన్న పెట్టెకు తెలిసినవి రెండే

మా అక్క కొడుకు దసరాకు పర్లాకిమిడి వచ్చాడు. ఉద్యోగం బెంగుళూరులో. సెలవుల్లో స్నేహితులతో హర్యానా దాకా వెళ్లి, నార్నౌల్ దగ్గర విమానంలోంచి దూకి వచ్చాడట. ట్యాండమ్ జంప్ అంటారు. ఇన్‌స్ట్రక్టర్ వెనకాల, మనవాడు ముందు, ఇద్దరినీ కలిపి పట్టీలతో బిగించేస్తారు. వీడియో తెచ్చి వాళ్లమ్మకు చూపించాడు. గాలికి బుగ్గలు అల్లల్లాడుతుంటే పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. మా అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏటిరా ఇది! ఆ ఎనకాలోడికి కళ్లు తిరిగితే?"

"ఏం కాదమ్మా. ఇద్దరం స్పృహ తప్పినా పారాచూట్ దానంతట అదే తెరుచుకుంటుంది. లోపల కంప్యూటర్ ఉంటుంది."

అక్క మొహం తేటపడింది. "అలా సెప్పు. అదే ఇప్పేసుకుంటాదన్నమాట. మరింక భయమేటి."

ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ని. సగం నిజం వింటే ఊరుకోలేని జబ్బు. వాడు చెప్పింది అబద్ధం కాదు. అక్కకు అర్థమైనది మాత్రం తప్పు. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరంలోనే స్కైడైవింగ్ భద్రత సగం దాగి ఉంది.

సంచిలో ఉండే ఆ చిన్న పెట్టె పేరు ఆటోమేటిక్ యాక్టివేషన్ డివైజ్. దీనికి సంస్కృతంలో ఓ సమాసం అల్లవచ్చుగానీ, గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని ఆ పని చెయ్యబుద్ధి కావడం లేదు. జంపర్లు పిలిచినట్టే ఏఏడీ అందాం.

మూట విప్పడం కాదు, తాడు కొయ్యడం

జంపర్ వీపు మీద ఒకటే సంచి కనిపిస్తుంది. అందులో పారాచూట్లు రెండు. కింది అరలో మెయిన్, మెడ వైపు అరలో రిజర్వ్. మెయిన్‌ను జంపర్ రోజూ తనే మడిచి పెట్టుకోవచ్చు. రిజర్వ్ అలా కాదు. దాన్ని లైసెన్సున్న రిగ్గరే, అంటే పారాచూట్లు పరీక్షించి మడిచే పనివాడే, మడవాలి. అమెరికాలో అయితే వాడినా వాడకపోయినా 180 రోజులకోసారి విప్పి, పరీక్షించి, మళ్లీ మడవాలని నిబంధన.

రిజర్వ్ అర మూతలన్నిటినీ కలిపి పట్టి ఉంచేది ఒక సన్నని తాడు ఉచ్చు. మూతల రంధ్రాల్లోంచి ఆ ఉచ్చును పైకి లాగి, దానిలో లోహపు పిన్ను దూరుస్తారు. లోపల స్ప్రింగు ఉన్న చిన్న పైలట్ చూట్ అణిగి ఉంటుంది. ఛాతీ మీది హ్యాండిల్ లాగితే పిన్ను ఊడి వస్తుంది, ఉచ్చు జారుతుంది, మూతలు తెరుచుకుని స్ప్రింగు ఎగిరిపడుతుంది. పైలట్ చూట్ గాలి పట్టి అసలు రిజర్వ్‌ను బయటికి ఈడుస్తుంది.

ఏఏడీ ఈ పిన్ను జోలికే పోదు. ఆ తాడు ఉచ్చు ఒక వేలెడంత లోహపు గొట్టం గుండా వెళ్తుంది. దాన్ని కటర్ అంటారు. గొట్టంలో చిన్న బ్లేడు, దాని వెనక చిటికెడు మందు. పెట్టె ఆజ్ఞ ఇవ్వగానే మందు పేలుతుంది, బ్లేడు దూసుకొచ్చి తాడును తెంపుతుంది. మిగతా పనంతా స్ప్రింగుదీ గాలిదీ.

మా వైపు జీడిపిక్కల బస్తా మూతి దారంతో కుడతారు చూశారా? సరైన కొస పట్టుకుని లాగితే కుట్టంతా సర్రున ఊడి వస్తుంది. కొస దొరక్కపోతే కత్తి పెట్టి కోస్తాం. బస్తా తెరుచుకోవడానికి రెండు దారులూ వేరు వేరు. ఒకటి చెడినా రెండోది చెడదు. ఏఏడీ తయారీలో మెచ్చుకోవలసిన తెలివి ఇదేనని నా ఉద్దేశం. పాతకాలం పరికరాలు హ్యాండిల్ చేసే పనినే తామూ చేసేవి, అంటే పిన్నునే లాగేవి. తాడు కోసే ఆలోచన వచ్చాక మనిషి చెయ్యీ యంత్రమూ ఒకదానికొకటి అడ్డం రావడం మానేశాయి.

ఈ కటర్ కూడా దేవుడిచ్చినది కాదు. ఆర్గస్ అనే ఒక బ్రాండు ఉండేది. దాని కటర్ తాడును పూర్తిగా తెంపదేమోనన్న అనుమానాలు వచ్చి, 2011లో సంచులు తయారుచేసే పలు కంపెనీలు మా సంచిలో దాన్ని వాడొద్దని చెప్పేశాయి.

కోరాపుట్ రైల్లో చిప్స్ పొట్లం

సరే, ఎప్పుడు కొయ్యాలో పెట్టెకు ఎలా తెలుస్తుంది?

విశాఖపట్నంలో కిరండూల్ రైలెక్కి కోరాపుట్ వెళ్లినవాళ్లందరికీ ఈ ప్రయోగం తెలుసు. స్టేషన్‌లో కొన్న చిప్స్ పొట్లం అరకు దాటేసరికి పూరీలా పొంగిపోతుంది. పొట్లంలో గాలి పెరగలేదు, బయట గాలి ఒత్తిడి తగ్గింది. సముద్రమట్టం దగ్గర ఒత్తిడి సుమారు 1013 మిల్లీబార్లు. దాదాపు 870 మీటర్ల ఎత్తున్న కోరాపుట్‌లో 913 దరిదాపులు. కింది ఎత్తుల్లో ఎనిమిది మీటర్ల చిల్లర ఎక్కితే ఒక మిల్లీబారు తగ్గుతుంది. ఏఏడీలో ఉన్నది ఆ ఒత్తిడిని కొలిచే సెన్సర్, ఆ కొలతను నిమిష నిమిషానికీ కాదు, సెకనులో ఎన్నోసార్లు చూసే ఒక చిప్పు. ఒత్తిడి ఎంత ఉందన్నదాన్ని బట్టి ఎత్తు తెలుస్తుంది. ఎంత వేగంగా పెరుగుతోందన్నదాన్ని బట్టి పడే వేగం తెలుస్తుంది.

అంతే. దానికి తెలిసినవి ఆ రెండే.

జంపర్ స్పృహలో ఉన్నాడో లేడో దానికి తెలియదు. నెత్తి మీద పారాచూట్ ఉందో లేదో తెలియదు. కింద ఉన్నది వరిచేనో చెరువో తెలియదు. కళ్లకు గంతలు కట్టుకుని, చెవి మాత్రం ఒగ్గి కూర్చున్న కాపలావాడు అది. (ఈ పరికరాల్లో ఒకదాని పేరు విజిల్. బెల్జియంది. ఈల కాదు, మెలకువగా కాపలా కాయడమని అర్థం.)

పక్కదారే కానీ ఒక మాట. 1999 అక్టోబర్‌లో మా ఒడిశాను ముంచిన పెనుతుఫాను కేంద్రంలో ఒత్తిడి 912 మిల్లీబార్లకు పడిపోయిందని వాతావరణ శాఖ లెక్క. అంటే సముద్రమట్టంలో ఉన్న ఊరు ఒత్తిడి లెక్కన కోరాపుట్ ఎత్తుకు లేచిపోయింది. ఒత్తిడిని ఎత్తుగా చదివే ఏ పరికరమైనా ఆ రోజు కాకిలెక్క చెప్పేది. మామూలు రోజుల్లో కూడా పొద్దుటికీ సాయంత్రానికీ ఒత్తిడి కొంచెం కొంచెం మారుతుంటుంది కాబట్టి, నేల మీద ఉన్నంతసేపూ ఇప్పటి ఏఏడీలు తమ సున్నాను సవరించుకుంటూనే ఉంటాయి.

225 మీటర్లు

ఈ రంగంలో ఎక్కువగా వినపడే పేరు జర్మనీలోని ఎయిర్‌టెక్ కంపెనీ తయారుచేసే సైప్రెస్. హెల్ముట్ క్లోట్ రూపొందించిన ఈ పరికరం 1991లో బజారులోకి వచ్చింది. అనుభవమున్న జంపర్ల కోసం చేసిన రకం లెక్క ఇలా ఉంటుంది: నేలకు 225 మీటర్ల ఎత్తున, అంటే సుమారు 750 అడుగుల దగ్గర, ఇంకా సెకనుకు 35 మీటర్లకు మించిన వేగంతో పడుతుంటే కొయ్యి. లేదంటే నోరు మూసుకో.

సెకనుకు 35 మీటర్లంటే గంటకు 126 కిలోమీటర్లు. పొట్ట కిందికి పెట్టి పడే మనిషి వేగం సుమారు సెకనుకు 54 మీటర్లు. తెరుచుకున్న పారాచూట్ కింద దిగేటప్పుడు ఐదారు మీటర్లే. ఈ రెంటికీ మధ్య గీసిన గీత అది. పారాచూట్‌ను చూడలేని పెట్టె వేగాన్ని బట్టి పారాచూట్ లేదని ఊహిస్తుందన్నమాట.

మేనల్లుడు ఈ అంకె చెప్పగానే అక్క వేళ్లు లెక్కపెట్టింది. లెక్కల్లో గట్టిది, పెద్ద చదువు చదివించలేదు గానీ.

"225 మీటర్లు, సెకనుకు 54. నాలుగు సెకన్లురా! నాలుగు సెకన్లు మిగిలేదాకా ఊరుకుంటాదా? కాస్త ముందే ఇప్పొచ్చుగదా దాని సొమ్మేం పోయింది?"

ఈ ప్రశ్నే అసలైన ప్రశ్న. దీనికి జవాబు తెలిస్తే మిగతా చిక్కుముళ్లన్నీ వాటంతటవే వదులవుతాయి.

ముందుగా మనిషి దిగే మెట్లు చూడండి. అమెరికా పారాచూట్ సంఘం నియమాల ప్రకారం, కొత్తగా లైసెన్సు తీసుకున్న జంపర్ 3,000 అడుగుల దగ్గరికల్లా మెయిన్ తెరవాలి. బాగా అనుభవమున్నవాళ్లు 2,500 అడుగుల దాకా ఆగవచ్చు. తెరిచిన మెయిన్ చిక్కుపడితే, దాన్ని వదిలించుకుని రిజర్వ్ లాగాలా వద్దా అన్న నిర్ణయం అనుభవజ్ఞుడైనా 1,800 అడుగుల దగ్గరికి తేల్చుకోవాలి. ఆ మెట్లన్నీ దిగి, ఎవరూ ఏమీ చెయ్యకపోతే, అప్పుడు 750 దగ్గర పెట్టె.

ఇప్పుడు పెట్టెను పైకి, 2,000 అడుగులకు జరిపామనుకోండి. 2,500 దగ్గర మెయిన్ లాగినవాడు ఏమవుతాడు? పారాచూట్ లాగగానే గొడుగులా టక్కున విచ్చుకోదు. అలా విచ్చుకుంటే మెడ విరుగుతుంది. నెమ్మదిగా గాలి నింపుకోవడానికి మూడు నాలుగు సెకన్లు, వందల అడుగులు తీసుకుంటుంది. ఆ మధ్యలో మనిషి 2,000 దాటుతాడు, ఇంకా వేగం తగ్గలేదు, పెట్టె తన లెక్క తాను చూసుకుని తాడు కోసేస్తుంది. మెయిన్ విచ్చుకుంటోంది, రిజర్వ్ కూడా బయటికొచ్చింది. ఇప్పుడు ఆకాశంలో ఒక మనిషికి రెండు పారాచూట్లు.

రెండుంటే ఇంకా మంచిదే కదా అనిపిస్తుంది. కాదు. అదృష్టం బాగుంటే ఒకదాని వెనక ఒకటిగానో పక్కపక్కనో ఎగురుతాయి, మెల్లగా దిగొచ్చు. బాగోకపోతే చెరో వైపుకి తిరిగి, రెండూ నేలకేసి ముక్కు పెట్టి మనిషిని కిందికి లాక్కుపోతాయి. లేదా ఒకదాని తాళ్లలో ఒకటి చుట్టుకుంటాయి. భద్రత కోసం పెట్టిన పెట్టే చక్కగా పనిచేసి ప్రమాదాన్ని తెచ్చిపెట్టిందన్నమాట.

అందుకే ఏఏడీని మనిషి చెయ్యి ఇంకేమీ చెయ్యడానికి లేనంత కిందికి, కానీ రిజర్వ్ విచ్చుకోవడానికి చోటు మిగిలేంత పైకి పెట్టాలి. ఆ సందు చాలా ఇరుకు. రిజర్వ్ 3 సెకన్లలోనో 300 అడుగుల్లోనో విచ్చుకోవాలని అమెరికా ధ్రువీకరణ ప్రమాణం. కాగితం మీద లెక్క సరిపోతుంది. నిజంగా పడేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. వేగంగా పోయే లారీ వెనక గాలి లోపలికి గుంజుతుంది కదా, అలాగే పొట్ట కిందికి పెట్టి పడే మనిషి వీపు మీద ఒత్తిడి తక్కువగా ఉంటుంది. పెట్టె ఉండేది ఆ వీపు మీదే. ఒత్తిడి తక్కువంటే ఎత్తు ఎక్కువని కదా దాని లెక్క. కాబట్టి అసలున్న ఎత్తు కంటే పైనున్నానని అనుకుంటుంది. వెల్లకిలా పడితే లెక్క మారిపోతుంది. తయారుచేసేవాళ్లు ఈ తేడాను కొంత లెక్కలో కలుపుకుంటారు గానీ, మనిషి గింగిరాలు కొడుతుంటే ఏ లెక్కా కచ్చితంగా నిలవదు.

దీనికి తోడు, ఫ్యాషన్‌కు పోయి సంచులు చిన్నవి, బిగుతైనవి అయ్యాయి. కటర్ తాడు కోసినా రిజర్వ్ బయటికి రావడంలో ఆలస్యమైన ఘటనలు చర్చకు వచ్చాయి. పెట్టెను పైకి జరపాలంటే ముందు మనిషిని పైకి జరపాలి. 2013లో అమెరికా సంఘం చేసిందదే. అనుభవజ్ఞులు మెయిన్ తెరవాల్సిన కనీస ఎత్తును 2,000 నుంచి 2,500 అడుగులకు పెంచింది. తీసుకున్న నిర్ణయం మనుషుల మీద, ఉద్దేశం పెట్టెకు చోటివ్వడం. ఇప్పటి పరికరాల్లో కోసే ఎత్తును జంపరే కొంత పెంచుకునే వీలు కూడా ఉంది.

మేనల్లుడి సంగతి వేరు. ట్యాండమ్‌లో ఇద్దరి బరువు, పెద్ద పారాచూట్, తెరవడమూ ఐదారు వేల అడుగుల దగ్గర. కింద చోటు బోలెడు. అందుకే ట్యాండమ్ కోసం చేసిన సైప్రెస్ 1,900 అడుగుల దగ్గరే కోస్తుంది. అక్క అడిగిన "కాస్త ముందే" వాళ్లకు కుదిరింది, మిగతావాళ్లకు కుదరదు.

నోరు మూసుకునే వేళలు

వేగం గీత దాటితేనే కొయ్యాలన్న నియమం వల్ల పెట్టె చూస్తూ ఊరుకునే సందర్భాలు కొన్ని ఉన్నాయి.

మెయిన్ సగమే విచ్చుకుని, ఒక పక్క చిక్కుపడి, మనిషి చక్రంలా తిరుగుతూ సెకనుకు 20 మీటర్ల వేగంతో పడుతున్నాడనుకుందాం. గంటకు 72 కిలోమీటర్లు. ఆ వేగంతో నేలను తాకితే బతకడం కష్టం. కానీ 35 దాటలేదు కాబట్టి అనుభవజ్ఞుల రకం పెట్టెకు అంతా సవ్యమే. విద్యార్థుల రకానికి ఈ గీత సెకనుకు 13 మీటర్ల దగ్గరే పెట్టారు. చెయ్యి తిరగనివాడు ఇలాంటి తిరుగుడులో బిగుసుకుపోతాడని. మరి అందరికీ 13 పెట్టొచ్చుగా అంటే, అనుభవమున్నవాళ్లు మంచి పారాచూట్ కిందే సరదాకు మలుపులు తిప్పి అంతకంటే వేగంగా దిగుతుంటారు. ఇంకొందరు నేలకు దగ్గరగా దూసుకొచ్చే స్వూపింగ్ అనే విద్య చేస్తారు. చక్కటి పారాచూట్ నెత్తి మీదుండగానే 35 మీటర్ల గీతను కూడా దాటేస్తారు. వాళ్ల కోసం ఇంకా ఎక్కువ వేగం గీత ఉన్న ప్రత్యేక రకం చెయ్యాల్సి వచ్చింది. ఒక్క అంకె అందరికీ సరిపోకపోవడమే ఇన్ని రకాలకు కారణం.

గబ్బిలంలా రెక్కల సూటు వేసుకుని ఎగిరేవాళ్లది దీనికి తలకిందులు. వాళ్లు నేలకేసి పడే వేగం మామూలుగానే 35 కంటే చాలా తక్కువ. అలా ఎగురుతూ ఎత్తు మరిచిపోతే పెట్టె పలకకపోవచ్చు.

మెయిన్‌ను మరీ కిందికొచ్చాక వదిలించుకోవడం అన్నిటికంటే దారుణం. 100 మీటర్ల ఎత్తున, సెకనుకు 5 మీటర్లతో దిగుతూ, ఎందుకో బెదిరి మెయిన్ వదిలేశాడనుకోండి. 5 నుంచి 35కు చేరాలంటే గాలి ఆపుదలను లెక్కలోంచి తీసేసినా 61 మీటర్లు పడాలి. మిగిలేది 39. సైప్రెస్ సుమారు 40 మీటర్ల కింద అసలు కొయ్యదు, ఎందుకంటే ఆ ఎత్తులో కోసినా ఉపయోగం లేదు. ఇంటర్ మొదటి సంవత్సరం చలన సమీకరణం ఇంత నిర్దయగా మారే చోటు నాకు ఇంకోటి తెలియదు. ఈ గండానికి వేరే మందుంది. వదిలేసిన మెయిన్ పోతూ పోతూ తనతో కట్టి ఉన్న పట్టీతో రిజర్వ్ పిన్నును లాగేసే ఏర్పాటు, ఆర్‌ఎస్‌ఎల్. దీన్నీ ఏఏడీనీ చాలామంది కలగాపులగం చేస్తారు. ఆర్‌ఎస్‌ఎల్‌కు అంకెలు తెలియవు, అది ఉత్త పట్టీ. మెయిన్‌ను వదిలితేనే దానికి పని.

తలుపు తీసి ఉన్న విమానంలో, విద్యార్థి రకం పెట్టె పెట్టుకుని కూర్చున్నవాడి సంగతి కూడా చెప్పాలి. వాతావరణం బాగోలేదని పైలట్ జంప్ రద్దు చేసి గబగబా కిందికి దించాడనుకోండి. పెట్టెకు తెలిసిన ఆ రెండు అంకెల్లో, దిగుతున్న విమానానికీ పడుతున్న మనిషికీ తేడా లేదు. రిజర్వ్ విమానంలోనే బయటపడి, తలుపులోంచి గాలి పట్టుకుంటే విమానానికే ముప్పు. అందుకే దించే వేగానికి పైలట్లు హద్దు పెట్టుకుంటారు.

సున్నా ఎక్కడ

పొద్దున్నే పెట్టెను ఆన్ చేస్తారు. సైప్రెస్‌కు ఒకటే బటన్. నొక్కాలి, ఎర్ర దీపం వెలగగానే మళ్లీ నొక్కాలి, అలా మొత్తం నాలుగుసార్లు. పొరపాటున ఆన్ కాకూడదని ఈ తతంగం. ఆన్ అయిన చోటి ఒత్తిడినే అది నేల అనుకుంటుంది. తర్వాత 14 గంటలకు దానంతటదే ఆగిపోతుంది.

మా జిల్లాల మీద దీన్ని ఊహించి చూస్తే దడ పుడుతుంది. గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున ఆన్ చేసి, ఆ సున్నాతోనే ఎగిరి కోరాపుట్ మీద దూకాడనుకోండి. పెట్టె కొయ్యాల్సిన 225 మీటర్లు కోరాపుట్ నేలకు 645 మీటర్ల లోతున ఉన్నాయి. అది జన్మలో కొయ్యదు. తిరగేసి, కోరాపుట్‌లో ఆన్ చేసి గోపాల్‌పూర్ మీద దూకితే, ఇసుకకు 1,095 మీటర్ల ఎత్తునే, అంటే దాదాపు 3,600 అడుగుల దగ్గర కోసేస్తుంది. అప్పటికి జంపర్ చెయ్యి మెయిన్ వైపు వెళ్తూ ఉంటుంది. మళ్లీ రెండు పారాచూట్ల గోల. ఎగిరే చోటుకూ దిగే చోటుకూ ఎత్తు తేడా ఉంటే ఆ తేడాను ముందే పెట్టెకు చెప్పాలి. చెప్పేవాడు మనిషి.

నమ్మకం ఎలా వచ్చింది

మొదట్లో ఈ పెట్టెలంటే అనుభవమున్నవాళ్లకు ఏవగింపు. పాత యంత్రాల్లో గడియారం స్ప్రింగులు, ఒత్తిడికి ముడుచుకునే లోహపు డబ్బీలు ఉండేవి. సోవియట్ దేశంలో కాప్-3, అమెరికాలో ఎఫ్ఎక్స్‌సీ 12000 అలాంటివి. ఎక్కువగా విద్యార్థులకే తగిలించేవారు. పక్కపక్కనే పదిమంది పడుతున్నప్పుడు ఒకడి పెట్టె వేళ కాని వేళ తెరిస్తే, పైనున్నవాడు వచ్చి ఆ పారాచూట్‌ను గుద్దుకుంటాడు. ఆ భయం ఉత్తదేమీ కాదు. 1991 తర్వాత ఎలక్ట్రానిక్ పెట్టెలు వచ్చి, వేళ కాని వేళ కోసే బెడద తగ్గాకే ఆ జంపర్లు దీన్ని వీపుకెక్కించుకున్నారు. ధర ఇప్పటికీ లక్ష రూపాయలకు పైమాటే.

అమెరికాలో 1970లలో ఏటా సగటున 40 మందికి పైగా స్కైడైవర్లు చనిపోయేవారు. 2023లో 36 లక్షల పైచిలుకు జంపులకు 10 మంది. ఈ తగ్గుదలంతా ఏఏడీ పుణ్యమే అనడం తప్పు. చదరపు పారాచూట్లు, మెయిన్‌ను ఒక్క లాగుతో వదిలించే బిల్ బూత్ మూడు రింగుల ఏర్పాటు, శిక్షణ, అన్నీ కలిశాయి. ఆ బూత్‌దే ఇంకో మాట కూడా ప్రచారంలో ఉంది: సరంజామా ఎంత భద్రంగా చేస్తే జంపర్లు అంత ఎక్కువ తెగించి చావుల లెక్కను సమం చేస్తారని. వెటకారమే, కానీ సగం నిజం. ఈ రోజుల్లో ప్రమాదాల్లో పెద్ద వాటా ఏ లోపమూ లేని పారాచూట్ కింద, దిగేటప్పుడు నేల దగ్గర తప్పు మలుపు తిప్పినవాళ్లది. అక్కడ పెట్టె చెయ్యగలిగింది ఏమీ లేదు.

పెట్టె అవసరం పడేలా ఉన్నా పడని ఘటన ఒకటి చెబుతాను. 2014లో ఆస్ట్రేలియాలోని పెర్త్ దగ్గర శిక్షణలో ఉన్న ఒక యువకుడికి గాల్లో పడుతుండగా ఫిట్స్ వచ్చాయి. వెల్లకిలా తిరిగిపోయి, స్పృహ లేకుండా పడుతున్నాడు. ఇన్‌స్ట్రక్టర్ వెంటపడి, రెండోసారికి అందుకుని, 4,000 అడుగుల దగ్గర అతని పారాచూట్ తెరిచాడు. ఆ వీడియో లోకమంతా చూసింది. అతని వీపు మీద ఏఏడీ ఉంది. ఇన్‌స్ట్రక్టర్ అందుకోలేకపోయినా అది కోసేది. అయినా ఆ మనిషి దాని కోసం ఆగలేదు. శిక్షణలో చెప్పేదీ అదే: వీపు మీద పెట్టె లేదనుకునే దూకు.

మనవైపు చాలామందికి పారాచూట్ అంటే బీచిలో జీపుకో పడవకో కట్టి లాగే పారాసెయిలింగే గుర్తొస్తుంది. అక్కడ పారాచూట్ ముందే విచ్చుకుని ఉంటుంది, ఏఏడీ ప్రసక్తే లేదు. అక్కడి ప్రమాదం తాడుది, గాలిది, నడిపేవాడిది. కొండల మీంచి ఎగిరే పారాగ్లైడింగ్‌లోనూ మామూలుగా ఏఏడీ ఉండదు. రిజర్వ్‌ను చేత్తోనే విసరాలి. సైన్యంలో విమానానికి తాడు కట్టుకుని దూకే పద్ధతిలో ఆ తాడే మెయిన్‌ను తెరుస్తుంది. "ఆటోమేటిక్" అన్న మాట ఒకటే, లోపలి సంగతులు నాలుగు. ట్యాండమ్‌కు డబ్బు కట్టేవాళ్లు నిర్వాహకుణ్ని అడగాల్సింది ఏఏడీ ఉందా అని కాదు. దాని ఆయుష్షు ఎప్పటిదాకా, సర్వీసు చేయించారా, రిజర్వ్ చివరగా ఎప్పుడు మడిచారు అని. రిగ్గర్ సంతకంతో సంచిలోనే ఒక కార్డు ఉంటుంది. చూపించమంటే తప్పు పట్టేవాడి దగ్గర దూకొద్దని నా సొంత సలహా.

ఇదంతా చెప్పేసరికి కాఫీలు చల్లారిపోయాయి. అక్క కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"అవున్రా, మరి ఆ బటన్ నాలుగుసార్లు నొక్కింది ఎవుడు?"

వాడు నా వైపు చూశాడు. "ఇన్‌స్ట్రక్టరే నొక్కుంటాడు మావయ్యా."

"సూసేవా?"

వీడియో మళ్లీ మొదటినుంచి పెట్టాడు. పెట్టె సరిగ్గా ఆన్ అయి ఉంటే చిన్న కిటికీలో సున్నా, పక్కన కిందికి చూపే బాణం గుర్తు ఉంటాయని చెప్పాను. విమానం ఎక్కే ముందు ఇన్‌స్ట్రక్టర్ ఒక్కసారి వెనక్కి తిరిగిన చోట ఆపి, వేళ్లతో లాగి పెద్దది చేశాడు. సంచి కనిపించింది, పట్టీలు కనిపించాయి. ఆ మూలంతా నీడ.